రెండో అంతస్తు, వీధివైపు

యూనివర్సిటీ వెనక గేటు దగ్గర ఇల్లు తీసుకుంటున్నానంటే తెలిసినవాళ్లంతా అన్నది ఒకటే మాట: "ఆ గోలలో నీకు నిద్రెలా పడుతుంది?" నేను ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుకునే మనిషిని. తెల్లవారుజామునే లేచి పనిలో పడతాను. మా వీధి మాత్రం దాదాపు ఆ వేళకే నిద్రకు ఉపక్రమిస్తుంది. పైకి చూస్తే మాకిద్దరికీ పొత్తు కుదరకూడదు.

అయినా వచ్చాను. లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చు. రాత్రి ఎంత పొద్దుపోయినా వీధిలో దీపాలు, మనుషులు ఉంటారు కాబట్టి ఒంటరిగా ఇంటికి రావడానికి భయం లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్కరే ఉంటారా, ఇంటికి ఎవరెవరు వస్తుంటారు అని ఇక్కడి ఓనర్లు ఆరా తీయరు. ఏటేటా ముక్కూమొహం తెలియని పిల్లలకు ఇళ్లిచ్చి, వాళ్లు గోడలకు చేసిన చిల్లులు పూడ్పించుకునే వాళ్లకు నాలాంటి అద్దెదారు దొరకడమే పండగ.

బ్రోకరు ఈ ఫ్లాటు మొదట సెలవుల్లో చూపించాడు. కిటికీ తలుపు బార్లా తీసి, "చూశారా మేడమ్, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది" అన్నాడు. నిజమే, వినిపించేది. వీధంతా ఖాళీ, సగం ఇళ్లకు తాళాలు. "క్లాసులు మొదలయ్యాక ఒక శనివారం రాత్రి పదకొండింటికి మళ్లీ చూపిస్తారా?" అని అడిగాను. అప్పటిదాకా ఇల్లు ఉండదన్నాడు. పోతే పోయిందిలే అనుకున్నాను.

పోలేదు. మాట ఇచ్చిన పిల్లల్లో ఒకరికి హాస్టల్ సీటు వచ్చిందట, మిగతావాళ్లు వెనక్కి తగ్గారట. క్లాసులు మొదలైపోయాక యూనివర్సిటీ పేటలో ఖాళీగా మిగిలిన ఇల్లు ఓనరుకు పెద్ద టెన్షన్. ఇళ్లు కావలసినవాళ్లంతా అడ్మిషన్ల రోజుల్లోనే ఎగబడి వస్తారు. ఆ వారాల్లో బేరం మాట ఎత్తినా, "వెనక ఇంకో ముగ్గురు అడుగుతున్నారు" అంటారు, అది అబద్ధమూ కాదు. ఆ తర్వాత మాత్రం అడిగేవాళ్లుండరు. అందుకే శనివారం రాత్రి పదకొండింటికి ఓనరుగారే స్వయంగా తాళంచెవి పట్టుకుని వచ్చారు. కింద ఎవరో గిటారు వాయిస్తున్నారు. ఎదురు డాబా మీద పెద్ద చర్చ నడుస్తోంది. బైకులు. ఒక కుక్క. అన్నీ విని, పడకగది వెనకవైపు ఉందని చూసుకుని, అద్దె కొంత తగ్గించమన్నాను. తగ్గించారు.

తగ్గించనిది ఒకటుంది, అగ్రిమెంటు తేదీ. పూర్తి ఏడాదికి రాయమంటే ఆయన ఒప్పుకోలేదు. వచ్చే ఏడు అడ్మిషన్లకు సరిగ్గా ముందు ముగిసేలా రాయించారు. నేను ఖాళీ చేస్తే ఇల్లు మళ్లీ సీజన్‌లో చేతికి రావాలి కదా. నాకు కోపం రాలేదు. ఈ పేటలో అద్దెకిచ్చేది గదులకంటే ముందు క్యాలెండర్‌ను. ఇక్కడ ఇల్లు చూసేవాళ్లు అగ్రిమెంటులో అద్దె అంకె తర్వాత చూడాల్సింది ముగింపు తేదీనే.

మా పై ఇంట్లో నలుగురు కుర్రాళ్లు ఉండేవాళ్లు, నలుగురి సంతకాలతో ఒకే అగ్రిమెంటు మీద. సెమిస్టర్ మధ్యలో ఒకడు చదువు మానేసి వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అచ్చుతప్పులు దిద్దే మనిషికి అగ్రిమెంట్లు కూడా తెలుస్తాయని వాళ్ల నమ్మకం. చదివి చూస్తే అద్దె మొత్తానికి అందరూ ఉమ్మడిగానూ, ఎవరికి వారుగానూ బాధ్యులని ఉంది. అంటే ఒకడు ఎగ్గొడితే ఓనరు వాడి వెంట పడనక్కర్లేదు, మిగిలినవాళ్లలో ఎవరినైనా మొత్తం కట్టమనొచ్చు. "ఇదేం అన్యాయం అక్కా" అన్నాడొకడు. అన్యాయమో కాదో గానీ, సంతకం చేసేముందు ఎవరి వాటాకు వారే బాధ్యులయ్యేలా రాయమని అడగొచ్చు. అన్ని చోట్లా ఒప్పుకోరు, కానీ అడగడానికి ఖర్చేం లేదు.

ఇలా ఇల్లు పంచుకున్న పాపానికి చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. 1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక విద్యార్థి చేతిలో ఒకావిడ ప్రాణం పోయింది. అతను పారిపోయాడు. ఊరివాళ్లు వచ్చేసరికి దొరికింది అతనితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు. వాళ్లను ఉరితీశారు. హడలిపోయి ఊరు విడిచిన పండితుల్లో కొందరు కేంబ్రిడ్జ్ చేరారు, అక్కడి యూనివర్సిటీకి అదే మొదలు. 1214లో పోప్ ప్రతినిధి వచ్చి ఆక్స్‌ఫర్డ్‌లో రాజీ కుదిర్చినప్పుడు పెట్టిన షరతుల్లో ఒకటి, పదేళ్లపాటు విద్యార్థుల ఇంటద్దెలు సగానికి తగ్గించాలని. 1231లో రాజు మూడో హెన్రీ, కేంబ్రిడ్జ్‌లో అద్దెలు ఎంతుండాలో ఇద్దరు యూనివర్సిటీ మాస్టర్లు, ఇద్దరు పట్టణస్థులు కలిసి నిర్ణయించాలని ఆజ్ఞ వేశాడు. చదువుకునేవాళ్లు ఎక్కువ, ఇళ్లు తక్కువ, ఓనర్లకు ఆశ. ఎనిమిది వందల ఏళ్ల కింద కూడా ఇదే పేచీ! పిల్లలకు ఈ కథ చెబితే ముగ్గురూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ నాలుగోవాడికి ఫోన్ చేసి గట్టిగానే తిట్టారు.

గోల సంగతికి వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో రాత్రిపూట ఇంటి బయటి శబ్దం, ఏడాది సగటున, 40 డెసిబెల్స్ దాటకుండా ఉండాలని సూచించింది. మా వీధి ఆ పరీక్ష పాసయ్యే అవకాశం సప్లిమెంటరీలో కూడా లేదు. అయితే గోలలో రకాలున్నాయి, ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనిచేయదు. మాటలు, నవ్వులు, హారన్లు గాలితో పాటు కిటికీ సందుల్లోంచి వస్తాయి. రెక్కల అంచులకు రబ్బరు పట్టీ అంటిస్తే నాకు చాలావరకు తగ్గాయి. స్పీకర్లోంచి వచ్చే దబ్ దబ్ శబ్దం అలా లొంగదు. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని ఆపాలంటే గోడకు మందం, బరువు ఉండాలి, అద్దె ఇంట్లో అవి మన చేతిలో లేవు. ఇక పైనుంచి కుర్చీ ఈడ్చిన మోత నేరుగా స్లాబులోంచి దిగుతుంది. కింద మన సీలింగ్‌కు ఏం తగిలించినా పెద్దగా లాభం ఉండదు. దాన్ని పుట్టినచోటే ఆపాలి.

అందుకని కుర్చీ కాళ్లకు అంటించే ఫెల్టు బిళ్లలు కొని పైకెళ్లాను. తలుపు తీసిన కుర్రాడు "చెప్పండి ఆంటీ" అన్నాడు. లోపలినుంచి ఇంకోడు పరుగున వచ్చి "అక్కా రండి" అని, మొదటివాడి వీపు మీద ఒకటి వేశాడు. బిళ్లలు వాళ్లే అంటించుకున్నారు. పోలీసులకు ఫోన్ చేస్తే ఆ ఒక్క రాత్రి ప్రశాంతంగా ఉంటుంది. ఫోన్ నంబరు ఇచ్చుకుంటే సెమిస్టరంతా ఫర్వాలేదు. పార్టీ ఉన్న రోజు ముందే మెసేజ్ పెడతారు, నేను ఆ మర్నాటికి గట్టి పని పెట్టుకోను.

పరీక్షల రోజుల్లో మాత్రం ఈ వీధిని మించింది లేదు. కిటికీలన్నీ వెలుగుతూనే ఉంటాయి, మాట వినిపించదు. నేను లేచే వేళకు వాళ్లింకా పడుకోరు. జిరాక్స్ షాపు దగ్గర క్యూ చూస్తే పరీక్ష ఎన్ని రోజుల్లో ఉందో చెప్పేయొచ్చు. ఆఖరి పేపరు అయిపోయిన రాత్రి గురించి చెప్పను, ఆ రాత్రికి నేను వేరే ఊళ్లో ఉండేలా చూసుకుంటాను.

ఆ తర్వాత ఖాళీ చేసే వారం. మేజాలు, పరుపులు, అద్దాలు, కుర్చీలు అన్నీ గేట్ల ముందుకు వస్తాయి. నా పుస్తకాల అర అలా దొరికిందే. కానీ పరుపులు, సోఫాలు ఎంత కొత్తగా కనిపించినా ఇంట్లోకి తేవద్దు. నల్లులు నెలల తరబడి తిండి లేకుండా బతుకుతాయి. ఒక్కసారి చొరబడ్డాయంటే మీ అగ్రిమెంటు అయిపోతుంది గానీ వాటి అగ్రిమెంటు అయిపోదు. ఈ వారంలోనే అడ్వాన్సు తగాదాలు కూడా. దిగిన రోజే ప్రతి గోడనూ, నేలనూ, కరెంటు మీటరు రీడింగునూ ఫొటోలు తీసి ఓనరుకు పంపడం నా అలవాటు. అనుమానంతో కాదు. ముందువాళ్ల చిల్లులు నా లెక్కలోకి రాకూడదు, అంతే.

నచ్చనిది ఒకటుంది. అలవాటైన మొహాలన్నీ ఒక్కసారే వెళ్లిపోతాయి. కింద పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ మాస్టారు ప్రతి కొత్త బ్యాచ్‌ను చూసి "పోయినవాళ్లే నయం" అంటారు. పోయినవాళ్లు ఉన్నన్నాళ్లూ వాళ్ల మీద ఫిర్యాదులు రాసింది ఆయనే.

ఈసారి అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఓనరుగారిని ఒక సాయం అడిగాను, పై ఇంటివాళ్ల అగ్రిమెంటులో కుర్చీ కాళ్లకు ఫెల్టు ఉండాలని ఒక వాక్యం చేర్చమని. నేనే రాసిచ్చాను, ఒక్క తప్పు లేకుండా. ఆయన చదివి నవ్వి, "మరి అద్దె కూడా కొంచెం పెంచుదామా?" అన్నారు. కొంచెమే పెంచారు.