మిత్రుడి మొక్కుతో కోటప్పకొండకు

అద్దంకి దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మా పల్లె ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లనదగిన నేల మీద ఉంది. బడిలో చివరి తరగతి దాకా నా పక్కనే కూర్చున్న మిత్రుడు ఆ నేలను వదలకుండా ఆవులనూ కోడెలనూ పెంచుతూ బతికి, మొన్నటి కార్తికంలో గుండెపోటుతో కన్నుమూశాడు. మహాశివరాత్రికి కోటప్పకొండ ఎక్కడం అతనికి తప్పని మొక్కు. తండ్రి పోయిన ఏడాదిలోపు కొడుకు కొండ గుడికి ఎక్కకూడదన్నది ఆ ఇంటి ఆచారం కనుక, ఈసారి ఆ మొక్కు తీర్చే బాధ్యత నేను తీసుకున్నాను.

గోగునారతో పేనిన కొత్త పలుపును గొల్లభామ గుడిలో తల్లి పాదాల చెంత ఉంచి, తిరిగి తెచ్చి, ఆ ఏడు పుట్టిన పెయ్యదూడ మెడకు కట్టడమే అతని మొక్కు. ఈ కొండ మీద వెలసిన త్రికూటేశ్వరస్వామి కన్నా ముందు గొల్లభామను దర్శించుకోవడం ఆనవాయితీ. రోజూ కొండెక్కి, జంగమదేవర రూపంలో ఉన్న శివుడికి పాలు సమర్పించిన ఆ గొల్లభామ ఆనందవల్లి, నిండు గర్భిణిగా ఇక ఎక్కలేనని మొరపెట్టుకుంటే, వెనుతిరిగి చూడకుండా నడిస్తే నీ వెంట దిగి వస్తానని స్వామి మాట ఇచ్చాడట. దారిలో ఆమె వెనుదిరిగి చూసినచోటే, బ్రహ్మశిఖరం మీద, ఆయన లింగరూపంలో నిలిచిపోయాడని స్థలపురాణం. పశువుల వెంట బతికిన మనిషికి ఆ తల్లి మీద అంత గురి ఎందుకో నాకు వేరే చెప్పనక్కరలేదు.

అతని కొడుకూ నేనూ సంతమాగులూరు మీదుగా బయలుదేరి మధ్యాహ్నానికి కొండ కిందికి చేరాం. పొలాల నడుమ రంగు గుడ్డలతో, అద్దాలతో, విద్యుద్దీపాలతో కట్టిన ప్రభలు తాటిచెట్లను మించిన ఎత్తున కదులుతున్నాయి. వాటిలో కొన్నింటిని ఒకప్పుడు ఎద్దులే లాగేవని, ఎద్దుల మెడ మీద కాడి కదలకుండా పక్కన నడిచే మనిషికి ఎంత ఓర్పు కావాలో మిత్రుడు గంటసేపు చెప్పగలిగేవాడు. కొడుకు కిందనే ఆగి, పలుపును రెండు చేతులా నాకు అందించాడు.

“చేదుకో కోటయ్యా” అంటూ జనం ఎక్కుతున్న మెట్ల మీద నా మనసంతా మిత్రుడి చేతుల మీదే ఉంది. దూడను చూడడానికి ఎవరైనా పిలిస్తే అతను ముందుగా గంగడోలు కింద చేయి పెట్టి తోలు ఎంత వదులుగా జారుతుందో చూసేవాడు. తర్వాత కనురెప్పల నలుపు, తోకకుచ్చు నలుపు, మూపురం నిలిచిన తీరు; అన్నీ చూశాకే పెదవి విప్పేవాడు. ఏ ఆవు ఏ ఆంబోతుకు కట్టిందో, ఎప్పుడు ఈనిందో రాసుకున్న లెక్కల పుస్తకం అతని దగ్గర ఉండేది. మేతకు పిల్లిపెసర చల్లడానికి నేలా, ఉలవలకు డబ్బూ కరువైన ఏళ్లలో కూడా ఆ రాత ఆగలేదు. ఈ జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మందలు మందలుగా పెరుగుతోందనీ, ఒంగోలు దగ్గరి మన కరవది నుంచి 1960లలో వెళ్లిన ఆంబోతు సంతతి అక్కడ పేరుపొందిందనీ చెప్పేటప్పుడు అతని గొంతులో గర్వం కన్నా బాధే ఎక్కువగా వినిపించేది. ట్రాక్టర్లు వచ్చాక మన ఊళ్లలోనే గొడ్లచావిళ్లు ఖాళీ అయ్యాయన్నది ఆ బాధ. అది న్యాయమైన బాధేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. బండలాగుడు పోటీల కోసం కోడెలను మేపేవారు ఇంకా ఉన్నారు గాని, ఆవును సాకి వంశాన్ని నిలబెట్టే రైతులే తగ్గిపోయారు.

గొల్లభామ పాదాల దగ్గర పలుపు ఉంచినప్పుడు అతని పేరు, గోత్రం చెప్పబోయి గొంతు పెగలక ఆగిపోయాను. పూజారి తొందరపెట్టకుండా కుంకుమ అద్ది తాడు నా చేతికిచ్చారు. త్రికూటేశ్వరుడి దర్శనానికి క్యూలో చాలాసేపు పట్టింది.

కిందికి దిగేసరికి చీకటి పడింది. “బాబాయ్, నాన్న పుస్తకంలో చివర రెండు ఈతలు ఎక్కలేదు. ఆంబోతు ఏదో నీకు తెలుసా?” అని అడిగాడు మిత్రుడి కొడుకు. ఒక ఈత సంగతి నాకు తెలుసు, చెప్పాను. రెండోది పక్క ఊరి రైతును అడగాలి. నాలుగు ఆవులను ఉంచుకుని మిగిలినవి పెంచేవాళ్లకే ఇస్తానని, కోతకు పోయే బేరం ఎవరు తెచ్చినా ఒప్పుకోనని కారెక్కుతూ చెప్పాడు.