తలుపుల్లేని గది, కిటికీలు మూసిన గది

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియాకి కారులో గంటన్నర దారి. 2023 జూలైలో ఓ శనివారం అమ్మాయి వాళ్ళతో కలిసి బయల్దేరాను. అల్లుడు డ్రైవింగ్. వెనక సీట్లో మా అమ్మాయి, తన ఒళ్ళో ప్రశ్నల కార్డుల కట్ట. పౌరసత్వం ఇంటర్వ్యూకి ఇంకో నెలే ఉంది. అప్పట్లో మొత్తం 100 ప్రశ్నల్లోంచి 10 అడిగేవారు, 6 చెప్తే పాస్. ముప్ఫై ఏళ్ళు సోషల్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి కదా, ప్రశ్నలడిగే పని నాకే అప్పజెప్పారు. పక్కన ఎనిమిదేళ్ళ మనవరాలు నిశ్చింతగా చిప్స్ తింటోంది. అది ఇక్కడే పుట్టింది, ఏ పరీక్షా రాయకుండానే అమెరికా పౌరురాలు.

"గ్రీన్ కార్డు ఉందిగా, ఇంత టెన్షన్ ఎందుకే?" అన్నాను.

"దీని స్కూలు బోర్డులో ఎవరు కూర్చోవాలో చెప్పే హక్కు నాకు లేదు నాన్నా. ఇంటి పన్ను మాత్రం మూణ్ణెల్లకోసారి ఠంచనుగా కడుతున్నాం" అంది.

అమెరికా రాజ్యాంగం పుట్టిన ఇండిపెండెన్స్ హాల్ అంటే మన పార్లమెంటులాంటిదేదో ఊహించుకున్నాను. తీరా చూస్తే ఎర్ర ఇటుకల భవనం, మీద గడియారం ఉన్న గోపురం. మా జిల్లా కోర్టే ఇంతకంటే పెద్దది. చుట్టూ చూపించే పార్కు ఉద్యోగి, అదే రేంజర్, ముందుగా ఒకప్పటి పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు గదిలోకి తీసుకెళ్ళాడు. జడ్జీల బల్ల, ముద్దాయి బోను అన్నీ ఉన్నాయి గానీ తలుపుల్లేవు. నడవలోకి తెరుచుకున్న కమానులే. దారినపోయేవాడు ఎవడైనా నిలబడి విచారణ వినొచ్చు.

నడవకి అవతలివైపు అసెంబ్లీ గది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, ఈక కలాలు, కొవ్వొత్తులు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందింది ఇందులోనే. 1787లో మే 25 నుంచి సెప్టెంబరు 17 దాకా కూర్చుని రాజ్యాంగం రాసిందీ ఇందులోనే. అయితే తలుపుల దగ్గర కాపలా పెట్టి, కిటికీలు మూసుకుని రాశారు. లోపలి మాట బయటికి పొక్కకూడదని నియమం. రాష్ట్రాల నుంచి వచ్చిన ప్రతినిధులు 55 మంది, చివరికి సంతకాలు పెట్టినవాళ్ళు 39. రోడ్ ఐలండ్ రాష్ట్రం అసలు ఎవర్నీ పంపలేదు. బయట ఎండకి నా చొక్కా తడిసిపోయింది. ఇదే ఊళ్ళో అలాంటి వేసవిలోనే వాళ్ళు కోట్లు వేసుకుని ఆ ఉక్కలో కూర్చున్నారు.

"మేము, ప్రజలం" అని మొదలయ్యే కాగితాన్ని ప్రజల చెవిన పడకుండా రాశారన్నమాట. క్లాసులో నేనీ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేసేవాణ్ణి. నిజానికి గుట్టుగా కూర్చోబట్టే ఒకరి వాదన విని ఇంకొకరు మాట మార్చుకోగలిగారేమో. రోజూ పేపర్లో వచ్చుంటే పరువు కోసమైనా ఎవరూ ఓ మెట్టు దిగేవారు కాదు. అసలు కథ తలుపులు తెరిచాకే మొదలైంది. సంతకాలైన రెండు రోజులకే ఓ స్థానిక పత్రిక మొత్తం పాఠాన్ని అచ్చేసింది. ప్రతినిధుల్ని ఎన్నుకుని రాష్ట్రాలు సభలు పెట్టుకుని వాదించుకున్నాయి. మా హక్కులు ఇందులో ఎక్కడున్నాయని జనం నిలదీశారు. 1791లో వచ్చిన మొదటి పది సవరణలు, అంటే హక్కుల పట్టీ, ఆ ఒత్తిడి ఫలమే.

గది చివర ఆ సభకి అధ్యక్షత వహించిన జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న అసలు కుర్చీ ఉంది. దాని వీపు మీద బంగారు పూత పూసిన సగం సూర్యుడు. ఇది ఉదయించేదా, అస్తమించేదా అని ఇన్నాళ్ళూ తేల్చుకోలేకపోయాననీ, ఇప్పుడు ఉదయించేదేనని తెలిసిందనీ 81 ఏళ్ళ ప్రతినిధి బెంజమిన్ ఫ్రాంక్లిన్ సభ చివరి రోజున అన్నాడు.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఇల్లు ఉన్న చోటు అక్కడికి దగ్గర్లోనే. ఇప్పుడు గోడల ఆనవాళ్ళే మిగిలాయి. తర్వాత దేశాధ్యక్షుడిగా వాషింగ్టన్ అక్కడ ఉన్నప్పుడు ఇంట్లో పనిచేసిన తొమ్మిది మంది బానిసల పేర్లు ఓ గోడ మీద చెక్కారు. ఆరు నెలలు దాటి రాష్ట్రంలో ఉంచితే బానిసలు విడుదల కోరొచ్చని పెన్సిల్వేనియా చట్టం. అందుకని గడువు ముగిసేలోపు వాళ్ళని బయటికి పంపి మళ్ళీ రప్పించేవాడు. వాళ్ళలో ఓనీ జడ్జ్ అనే అమ్మాయి 1796లో తప్పించుకుపోయింది, ఎంత వెతికించినా మళ్ళీ చిక్కలేదు. మా అమ్మాయి ఆ పేరు దగ్గర చాలాసేపు నిలబడింది. కార్డుల కట్ట బ్యాగులోనే ఉండిపోయింది.

స్వేచ్ఛకి గుర్తుగా చూసే పాత గంట లిబర్టీ బెల్ దగ్గర క్యూ పెద్దది, చూసేది రెండు నిమిషాలు. పగులు సంగతి అందరికీ తెలిసిందే. నా కన్ను మాత్రం గంట మీద ఉన్న పెన్సిల్వేనియా స్పెల్లింగు మీద పడింది. ఒక 'ఎన్' తక్కువ! ఆ రోజుల్లో అలా కూడా రాసేవారట. చేతిలో ఎర్ర పెన్ను లేకపోయింది.

చివరగా కాన్‌స్టిట్యూషన్ సెంటర్ అనే రాజ్యాంగ మ్యూజియంలో కంచు విగ్రహాల హాలు. మొత్తం 42, అన్నీ మనిషంత ఎత్తున. సంతకం పెట్టిన 39 మందితో పాటు, అక్కడే ఉండీ పెట్టనన్న ముగ్గురూ ఉన్నారు. వాళ్ళలో జార్జ్ మేసన్‌ది ముఖ్యంగా హక్కుల పట్టీ లేదన్న అభ్యంతరం. మా ఊళ్ళో అయితే సంతకం పెట్టనివాడి ఫొటో కూడా గోడకి ఉంచరు. మనవరాలు ఆయన పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. "ఈయన ఫెయిలయ్యాడా తాతయ్యా?" అంది. లేదమ్మా, నాలుగేళ్ళు ఆలస్యంగా పాసయ్యాడు అన్నాను.

తిరుగు దారిలో మళ్ళీ కార్డులు. "పౌరులకు మాత్రమే ఉండే ఒక బాధ్యత?" అని అడిగాను. "జ్యూరీలో కూర్చోవడం, ఓటెయ్యడం" అంది అమ్మాయి. "ఓటుకి ఎగబడతారు మావయ్యగారూ, జ్యూరీ పిలుపు వస్తే మాత్రం అందరికీ నడుం నొప్పే" అని అల్లుడు నవ్వాడు.

నేను ఇంటికొచ్చేశాక ఆగస్టులో అమ్మాయి ఫోను చేసింది. ఇంటర్వ్యూలో వరసగా ఆరు సరిగ్గా చెప్పగానే ఆపేశారట. మొదటి ప్రశ్న తూర్పు తీరాన ఉన్న మహాసముద్రం ఏదని. ఫిలడెల్ఫియా గురించి ఒక్కటీ అడగలేదట. ప్రమాణం చేసిన రోజున, జెండా ఊపుతూ ఫొటో దిగకముందే ఓటరు నమోదు ఫారం నింపి ఇచ్చేసిందట.