తేనెటీగలకి అందని ఎర్ర క్లోవర్

ఒహాయోలో మాకున్నది పాతిక సెంట్ల స్థలం, ఇల్లూ డ్రైవ్‌వే పోగా పది సెంట్ల లాన్, వెనక కంచె పక్కన రెండు తేనెటీగల పెట్టెలు. వాటి మేతకి క్లోవర్ (నేల మీద గుబురుగా పెరిగి, బంతుల్లాంటి పూలు పూసే చిన్న మొక్క) వేద్దామనుకుని, ఫోటోలో అందంగా ఉందని మొదట ఎర్ర క్లోవర్ కొన్నా. పూలు భలే వచ్చాయి గానీ ఎప్పుడు చూసినా వాటి మీద బొద్దుగా ఉండే బంబుల్ బీలే. తర్వాత తెలిసింది, ఆ పూగొట్టం లోతు 9-10 మిల్లీమీటర్లు, మన తేనెటీగ నాలుక 6-7, తేనె అందదు పాపం. న్యూజిలాండ్‌ వాళ్లయితే ఎర్ర క్లోవర్‌కి గింజ కట్టడం కోసం 1885లో ఇంగ్లండ్ నుంచి బంబుల్ బీలని ఓడలో తెప్పించుకున్నారట. ఈ సంగతి ముందే చదివుంటే నా డబ్బులు మిగిలేవి.

మరుసటి ఏడు తెల్ల క్లోవర్. ఫిబ్రవరి చివర్లో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో చల్లితే నేల విచ్చుకుంటూ మూసుకుంటూ విత్తనాన్ని తనే లోపలికి లాక్కుంటుంది, దున్నే పని లేదు. గింజ గసగసాలంత ఉంటుంది, ఉత్త చేత్తో చల్లితే కుప్పగా పడుతుందని మా ఊళ్లో నువ్వులు చల్లినట్టు ఇసుకలో కలిపి చల్లా. కిలో కూడా పట్టలేదు. ఆ ఏడు పూలు అక్కడక్కడే, తర్వాతి ఏడు మే చివరికి లాన్ నిండా తెల్లటి బంతులు. వీడియో కాల్‌లో చూసి నాన్న "పిల్లిపెసరలా ఉందే, పచ్చిరొట్ట వేశావేంట్రా?" అన్నారు. అదే లెక్క, వేళ్ల బుడిపెల్లో నత్రజని తనే పట్టుకుంటుంది.

అది తెలిసి కూడా ముందు వైపు లాన్‌కి ఎరువు వేశా చూడండి! కలుపు మందు కలిసిన ఎరువది. అందులోని 2,4-డి గడ్డిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది, క్లోవర్ మొత్తం పోయింది. రైతు బిడ్డనయ్యుండి సంచి మీద ఏం రాశారో చదవలేదు.

ఈ పది సెంట్ల వల్ల తేనె ఎక్కువొచ్చిందని చెప్పలేను, ఈగలు రెండు మూడు కిలోమీటర్లు తిరిగొస్తాయి. కానీ కూర్చుని చూడ్డానికి మహా బాగుంటుంది. ఒక్కో తెల్ల బంతిలో ఈగ వాలి పరాగం అంటిన చిట్టి పూలు ఒక్కొక్కటే కిందికి వాలి గోధుమరంగుకి తిరుగుతాయి, పైన ఇంకా నిలబడ్డ తెల్లవాటికే తర్వాతి ఈగ వెళ్తుంది.

గడ్డి ఇప్పుడు నాలుగంగుళాలకి తగ్గకుండా, ఈగలు గూటికెళ్లాక సాయంత్రమే కోస్తున్నా. కోసిన వారం వాటికి పూలుండాలి కదా, అందుకని రెండు సెంట్లు అలాగే వదిలేస్తానంటే, పాములొస్తే నాదే పూచీ అని ఒప్పించుకున్నాకే మా ఆవిడ సరే అంది.