ఎన్‌క్రిప్షన్ (డేటాను రహస్య సంకేతాల్లోకి మార్చడం) ప్యాకేజీలకు వేరే సర్వర్ ఎందుకుండేది?

పాత డెబియన్‌లో (ఇదో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎస్ఎస్‌హెచ్, అంటే వేరే కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ప్రోగ్రామ్, వేసుకోవాలంటే, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే సోర్సెస్ ఫైల్లో నాన్-యూఎస్ అని ఇంకో లైన్ చేర్చాల్సి వచ్చేది. 1996 దాకా అమెరికా గట్టి ఎన్‌క్రిప్షన్‌ని ఆయుధాల జాబితాలోనే ఉంచింది, ఆ తర్వాత కూడా ఆంక్షలు పోలేదు, అక్కడి సర్వర్ నుంచి బయటి దేశంవాళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటే అదీ ఎగుమతి కిందికే వచ్చేది కాబట్టి ఆ ప్యాకేజీలను అమెరికా బయటే పెట్టేవారు. అదే కోడ్‌ని పుస్తకంగా అచ్చేస్తే మాత్రం అడ్డు లేదు, ఈమెయిళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే పీజీపీ ప్రోగ్రామ్ అలాగే దేశం దాటింది! 2000లో రూల్స్ సడలించాక, 2002లో వచ్చిన డెబియన్ 3.0లో ఎన్‌క్రిప్షన్ కోడ్ ‘మెయిన్’ అనే ప్రధాన భాగంలో కలిసింది.

జావా ప్రోగ్రామింగ్ భాషలో ఈ తలనొప్పి ఇంకా చాలాకాలం నడిచింది. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి 256 బిట్ల కీ ఇస్తే చాలు, ‘ఇల్లీగల్ కీ సైజ్’ అని ఎర్రర్, పెద్ద కీలను అనుమతించే పాలసీ ఫైళ్లు విడిగా తెచ్చి వేస్తే తప్ప కదిలేది కాదు. అందరి భద్రతకూ పనికొచ్చే కోడ్‌కి సరిహద్దు గీయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.