గడ్డ తగ్గిందని మురిసిపోయాం

మా కుక్క పండు కుడి డొక్క మీద ఆ గడ్డ నా వేలికి తగిలినప్పుడు నాకు అసలు భయం వేయలేదు. ఇప్పటికీ మనసులో గుచ్చుకునేది అదే.

అంతకు రెండేళ్ల ముందు దాని ఛాతీ దగ్గర నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు వస్తే ఆఘమేఘాల మీద పరుగెత్తాం. డాక్టరు గారు సూది గుచ్చి, స్లైడు చూసి, ఉత్తి కొవ్వు గడ్డే, దాని మానాన దాన్ని వదిలేయమన్నారు. ఆ ఒక్కసారితో ఇంట్లో అందరం సగం డాక్టర్లమైపోయాం. ఈ రెండో గడ్డ శనగగింజంత ఉంది. నేను నొక్కాను, మావారు నొక్కారు, మా అమ్మాయి నొక్కింది. 'కదులుతోంది, నొప్పి లేదు, ఇదీ కొవ్వే' అని తీర్పు చెప్పేశాం. మొదటి గడ్డ సంగతి చెప్పింది సూది అని, మా వేళ్లు కాదని ఒక్కరికీ తట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత చూస్తే అది ఎర్రగా, రెట్టింపు ఉంది. పురుగేదో కుట్టిందనుకున్నాం. మరో రెండు రోజులకు తగ్గిపోయింది. అబ్బ, పీడ పోయిందనుకున్నాం. మళ్లీ లేచింది, మళ్లీ తగ్గింది. ఇలా ఏడు వారాలు. మధ్యలో ఒకరోజు నేను ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ తీసి గట్టిగా రుద్దాను కూడా. సాయంత్రానికి గడ్డ చుట్టూ అరచేతి మేర దద్దుర్లు. పండు ఒళ్లు గోక్కుంటూ కుదురుగా పడుకోలేకపోయింది. తెల్లారేసరికి అంతా సర్దుకుంది. తగ్గిందంటే మంచిదేగా అని మళ్లీ ఊరుకున్నాం. క్యాన్సర్ అంటే పెరుగుతూనే పోతుందని కదా మనకున్న లెక్క!

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లింది గడ్డ కోసం కాదు, ఏటా వేయించే టీకా కోసం. బల్ల మీద నుంచి దించబోతూ 'ఇదొకటి ఉంది మేడమ్, వస్తూ పోతూ ఉంటుంది' అన్నాను, మాటవరసకి. ఆవిడ చేతిలో ఉన్న ఫైలు పక్కన పెట్టేశారు.

'వస్తూ పోతూ అంటే? రుద్దితే ఉబ్బుతోందా?'

అవునన్నాను. మత్తు కూడా ఇవ్వకుండా సన్నటి సూది పెట్టి లాగారు. ఇంజెక్షన్‌కి పట్టినంత సేపే. పండు నా చెయ్యి నాకుతూ నిలబడింది. స్లైడుకు రంగు వేసి చూసి, నన్నూ చూడమన్నారు. గుండ్రటి కణాలు, వాటి నిండా గసగసాలు చల్లినట్టు ఊదారంగు చుక్కలు. 'మాస్ట్ సెల్ ట్యూమర్ అమ్మా. కుక్కల చర్మానికి వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది ఇదే' అన్నారు. క్యాన్సర్ అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. తర్వాత చెప్పిందంతా మా అమ్మాయి రాసుకుంది కాబట్టి సరిపోయింది.

మాస్ట్ కణాలు అందరి ఒంట్లోనూ ఉంటాయి. ఎలర్జీ వచ్చినప్పుడు దురద, వాపు తెచ్చే హిస్టమిన్‌ని సంచుల్లో దాచుకుని ఉండేవి ఇవే. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పౌల్ ఎర్లిష్ వీటిని చూసి, బాగా మేసి బలిసిన కణాలు అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడట. గడ్డ నిండా ఆ కణాలే ఉన్నప్పుడు నొక్కినా రుద్దినా ఆ సరుకంతా బయటికొచ్చి చుట్టూ ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది. తర్వాత సద్దుమణుగుతుంది. మేము జబ్బు తగ్గుతోందని మురిసిపోయిన ఆ రాకపోకలే జబ్బు ఆనవాలు.

'ఇక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు' అని గట్టిగా చెప్పి, ఎలర్జీ మాత్రలు, కడుపులో పుండ్లు పడకుండా ఇంకో మాత్ర రాశారు. హిస్టమిన్ ఎక్కువైతే కడుపులో యాసిడ్ పెరుగుతుందట. విరేచనం తారులా నల్లగా వస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు. గజ్జల దగ్గరి లింఫ్ గ్రంథికీ సూది పెట్టారు, ప్లీహం, కాలేయం స్కాన్ చేశారు. పాకిన జాడ లేదు.

స్కాన్ రోజు వరండాలో పక్క బెంచీ మీద ఒక పెద్దాయన తన కుక్కతో కూర్చున్నారు. దానికి దవడ కింద రెండు వైపులా గ్రంథులు వాచి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, బయటపడిందట, కీమో నడుస్తోంది. వెంట్రుకలు రాలలేదే అన్నాను. 'చాలా కుక్కలకి రాలవమ్మా, వీడికి మీసాలు మాత్రం పోయాయి' అని నవ్వారు. పూర్తిగా నయమవుతుందని కాదు, ఉన్నన్నాళ్లు హాయిగా ఉండాలనే మందు తక్కువ మోతాదులో ఇస్తారని ఆయనే చెప్పారు. దవడ కింద, భుజాల ముందు, వెనక మోకాళ్ల వెనుక తడిమి చూడటం నాకు నేర్పింది కూడా ఆయనే.

ఆపరేషన్ అయ్యాక పండుని చూసి నేను ఏడ్చేశాను. శనగగింజంత గడ్డకి జానెడు కుట్లు! పదిహేడు లెక్కపెట్టాను. ఈ గడ్డ వేళ్లు కంటికి కనబడకుండా పక్కలకు పాకి ఉంటాయి కాబట్టి చుట్టూ రెండు సెంటీమీటర్లు, అడుగున ఒక పొర దాకా తీసేయాల్సి వచ్చిందన్నారు. డొక్క మీద కాబట్టి చర్మం సాగి అతుక్కుంది, అదే కాలి మీదో కంటి పక్కనో అయితే అంత మేర తీయడానికి చోటెక్కడిది?

మొదటి రెండు రాత్రులు నేను నేల మీదే దాని పక్కన పడుకున్నాను. మెడకి పెట్టిన ప్లాస్టిక్ గరాటా ప్రతి గుమ్మానికీ కొట్టుకునేది, కొట్టుకున్న ప్రతిసారీ అది గుమ్మాన్నే అనుమానంగా చూసేది. నాలుగో రోజు జాలిపడి పది నిమిషాలు గరాటా తీశాను. అంతలోనే చివరి కుట్టు నాకి ఊడదీసింది. నాకు చీవాట్లు, దానికి కట్టు.

బయాప్సీ రిపోర్టు తొమ్మిదో రోజున వచ్చింది. ఆ తొమ్మిది రోజుల టెన్షన్ గురించి ఇక్కడ రాయను, పడినవాళ్లకి తెలుసు. ఈ గడ్డల్ని లో గ్రేడ్ (నెమ్మదైనవి), హై గ్రేడ్ (దూకుడుగా ఉండేవి) అని రెండుగా విడదీసే పద్ధతి 2011 నుంచి ఉంది. మైక్రోస్కోపు కింద పది చోట్ల చూసి, విభజన మధ్యలో ఉన్న కణాలు మొత్తం ఏడు గాని అంతకు మించి గాని ఉంటే హై గ్రేడ్. పండుకి ఒకటే ఉంది. కోసి తీసిన ముక్క అంచుల్లో ఎక్కడా క్యాన్సర్ కణాలు లేవు. అంటే ఇక కీమో అక్కర్లేదు, చూసుకుంటూ ఉంటే చాలు. ఏడు వారాలు కూర్చున్నందుకు మాకు శిక్ష పడలేదు. అది మా తెలివి కాదు, గడ్డ మంచితనం. హై గ్రేడ్ అయి ఉంటే ఆ ఏడు వారాలే దాని ప్రాణం తీసేవేమో.

ఇప్పుడు నేను అందరికీ చెప్పే లెక్క డాక్టరమ్మ నాకు చెప్పిందే: గడ్డ బఠాణీ గింజంత ఉండి నెల దాటినా పోకపోతే సూది పెట్టించాల్సిందే. మెత్తగా ఉందా, కదులుతోందా అన్నది ఎంత అనుభవమున్న డాక్టరు వేళ్లకైనా చాలదు. ఇంకొకటి, సూది పెట్టించకముందే వాపు తగ్గడానికని స్టెరాయిడ్ వేయించకండి. గడ్డ తాత్కాలికంగా కుంచించుకుపోయి అసలు సంగతి దాచేస్తుంది.

బరువు విషయంలోనూ చీవాట్లు తిన్నాను. పండు 34 కిలోలు ఉండేది, అడిగిందల్లా పెట్టేది నేనే. 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా పెంచి, జతలో ఒకదానికి పావు వంతు తిండి తగ్గించి పెడితే అవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయని 2002లో వచ్చిన అధ్యయనం ఒకటి ఉంది. అది విన్నాక నా చేతికి కొలత గిన్నె వచ్చింది. పండు నన్ను ఇంకా క్షమించలేదు. ఇప్పుడు 29 కిలోలు, అరచేత్తో రాస్తే పక్కటెముకలు తగులుతాయి.

నెల మొదటి ఆదివారం దాన్ని ముక్కు నుంచి తోక దాకా తడుముతాను. నోరు, చిగుళ్లు, వేళ్ల సందులు కూడా. ఏదైనా తగిలితే స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాస్తాను. ఆరో నెలలో పొట్ట మీద గట్టిగా ఒకటి తగిలింది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే తలుపు తీయకముందే వెళ్లి కూర్చున్నాను. డాక్టరమ్మ వెంట్రుకలు పాయ తీసి చూసి, ఒక్క క్షణం పెదవి కొరుక్కున్నారు.

'ఇది చనుమొన అండీ. ఇలాంటివి ఇంకో తొమ్మిది ఉన్నాయి, చూపించమంటారా?'

అదీ నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకున్నాను.