కాటా గది కంప్యూటరు, ఆగిపోయిన షేరు: నా అనుభవం

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో నేను లెక్కలు చూస్తాను. ధాన్యం బండి గేటు దాటిన దగ్గర నుంచి రైతుకు సొమ్ము ముట్టేవరకు మా దగ్గర నడిచే కాగితాలన్నిటికీ మూలం కాటా చీటీ. లోడు బండి బరువు, ఖాళీ బండి బరువు, ఆ రెంటి తేడాగా వచ్చే నికర బరువు, ఈ మూడూ కాటా గదిలో విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే పాత కంప్యూటరులో నమోదవుతాయి. అందులో ఒక ఫోల్డరును షేరు చేసి ఉంచితే, ఆఫీసులో కూర్చునే దాన్ని తెరిచి ఏ రోజు తూకాలు ఆ రోజే ఖాతాల్లోకి ఎక్కించుకునేవాడిని. దాళ్వా (రబీ) కోతలకు ముందు ఆఫీసులోని విండోస్ 7 కంప్యూటరు తీసేసి విండోస్ 11 ఉన్న కొత్తదాన్ని పెట్టారు. ఆ పూట నుంచి కాటా ఫోల్డరు తెరుచుకోలేదు.

నెట్‌వర్క్ విండోలో కాటా కంప్యూటరు పేరే కనిపించలేదు. చిరునామా స్వయంగా టైపు చేస్తే, ఈ షేరుకు కాలం చెల్లిన ఎస్ఎంబీ 1 ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే ఒక పద్ధతి) కావాలి, అది సురక్షితం కాదు, మీ కంప్యూటరు దాడికి గురికావచ్చు అనే అర్థం వచ్చే సందేశం కనబడింది. తీగ బాగానే ఉంది, కాటా కంప్యూటరు పలుకుతోందా అని పరీక్షించే పింగ్ చేస్తే జవాబు వస్తోంది, ఫోల్డరు మాత్రం రాదు. మాకు కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు రావులపాలెం నుంచి వచ్చి చూసి, "ఒక్క టిక్కు పెడితే అయిపోద్ది బాబాయ్ గారూ" అని విండోస్ ఫీచర్స్ జాబితా తెరిచాడు. ఎస్ఎంబీ 1.0 అనే వరుస కింద మూడు గడులు ఉన్నాయి: ఒకటి ఫైళ్లు అడిగే క్లయింట్, ఒకటి ఫైళ్లు ఇచ్చే సర్వర్, మూడోది వాడకం లేకపోతే దానంతట అదే తొలగిపోయే ఏర్పాటు. ఆ కంప్యూటరులోనే మిల్లు బ్యాంకు ఖాతాలు, జీఎస్టీ రిటర్నులు, రైతుల ఆధార్ ప్రతులు ఉన్నాయి కనుక, టిక్కు పెట్టే ముందు విషయం తెలుసుకుంటానని అతన్ని ఆపాను.

చదివినకొద్దీ ఆపడమే మంచిదైందని తేలింది. ఎస్ఎంబీ అనేది ఒక కంప్యూటరులోని ఫైళ్లను మరో కంప్యూటరు నెట్‌వర్కు ద్వారా అడిగి తీసుకునే పద్ధతి. దాని మూలాలు 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ చేసిన పనిలో ఉన్నాయి. విండోస్ విస్టాతో రెండో వెర్షను, విండోస్ 8తో మూడో వెర్షను వచ్చాయి. మొదటిదానిలో వంద పైచిలుకు ఆదేశాలు ఉంటే రెండోదానిలో వాటిని 19కి కుదించారు. దారిలో ఎవరూ చదవలేకుండా మరుగుపరిచే ఎన్‌క్రిప్షన్ మూడో వెర్షనులోగాని రాలేదు. అంటే మొదటి వెర్షను మీద నడిచే ఫైలు, తీగ మధ్యలో కాపు వేసినవాడికి ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఎక్స్‌పీకి ఆ మొదటి వెర్షను తప్ప మరొకటి రాదు.

2014లోనే మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీ 1ను వదిలించుకోవలసిన వాటిలో చేర్చింది. దానిలోని ఒక లోపానికి 2017 మార్చి 14న సవరణ విడుదల చేసింది. ఆ సవరణ వేసుకోని కంప్యూటర్ల మీద మే 12న వానాక్రై అనే వైరసు విరుచుకుపడింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కరలేకుండా ఒక కంప్యూటరు నుంచి పక్కదానికి అదే పాకిపోయి, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లలో సొమ్ము అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పని స్తంభించింది, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అప్పటికి మూడేళ్ల క్రితమే మద్దతు ఆగిపోయిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మర్నాడే ప్రత్యేకంగా సవరణ ఇచ్చింది. ఆ అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షను 1709 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎస్ఎంబీ 1 సర్వరు భాగం అసలు రాదు. నెట్‌వర్క్ విండోలో కంప్యూటర్ల పేర్లు చూపే పాత కంప్యూటర్ బ్రౌజర్ సర్వీసు దాని మీదే ఆధారపడింది కనుక అదీ పోయింది. మా కాటా పేరు కనిపించకపోవడానికి కారణం అదే.

ఇంకో సంగతి మా పక్క ఊరి మిల్లు గుమస్తాగారితో మాట్లాడినప్పుడు తెలిసింది. వాళ్ల కంప్యూటరును 2018లో పాత విండోస్ మీదనే కొత్తదానికి మార్చారట. దాళ్వా అయ్యేవరకు షేరు బాగానే పనిచేసి, సార్వా (ఖరీఫ్) ధాన్యం మొదలయ్యేసరికి మాయమైంది. ఎవరో ఏదో కదిపారని కాటా గదిలో పనిచేసే మనిషిని నిలదీశారట. నిజానికి అలా మార్చిన హోమ్, ప్రో విండోస్‌లో ఎస్ఎంబీ 1ను మొత్తం 15 రోజుల పాటు వాడకపోతే, కంప్యూటరు ఆపి ఉన్న కాలాన్ని మినహాయించి లెక్క వేసుకుని, అదే తొలగిపోతుంది. రెండు పంటల మధ్య కాటా ఖాళీగా ఉండే మా వంటి చోట ఆ గడువు దాటడం ఖాయం. ఆ మనిషి నింద మోయవలసింది కాదు. తయారీదారు చేసిన నిర్ణయం సరైనదే, కాని ఆ కబురు కాటా గదిదాకా చేరవేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కాటా సాఫ్ట్‌వేరు అమ్మినవారికి ఫోను చేస్తే కొత్త వెర్షను కొనమన్నారు. అందాకా ఎక్స్‌పీలో ఎఫ్‌టీపీ అనే, ఫైళ్లు పంపే మరో పాత పద్ధతి పెట్టుకుని ఆఫీసులో బ్రౌజరులో తెరుచుకోమన్నారు. ఎఫ్‌టీపీని ఫైర్‌ఫాక్స్ 2021 జులైలో 90వ వెర్షనులోను, క్రోమ్ అదే ఏడాది అక్టోబరులో 95వ వెర్షనులోను తీసేశాయి. పైగా అందులో పాస్‌వర్డు కూడా దాపరికం లేకుండా తీగ మీద వెళుతుంది. పోయినదాని బదులు పోయిన మరొకదాన్ని పట్టుకోవడం నాకు నచ్చలేదు.

కోతలు ముంచుకొస్తున్నాయి. బండ్లు వరుస కట్టాక కాటా మార్చడానికి వీలుండదు. అందుకని సీజను గట్టెక్కేవరకు ఒక మధ్యవర్తి ఏర్పాటు చేసుకుందామని కుర్రవాడూ నేనూ అనుకున్నాం. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న పెట్టె లాంటి కంప్యూటరు తెప్పించి అందులో లినక్స్, దాని మీద ఎస్ఎంబీతో ఫైళ్లు పంచే సాంబా అనే ప్రోగ్రాము వేశాం. దానికి రెండు నెట్‌వర్కు పోర్టులు ఉండేలా ఒక యూఎస్‌బీ అడాప్టరు తగిలించాం. ఒక తీగ నేరుగా ఎక్స్‌పీకి, రెండోది ఆఫీసు స్విచ్చికి. ఈ రెంటి మధ్య దారి తెరవలేదు కనుక ఎక్స్‌పీకి ఇటు ఇంటర్నెట్టూ లేదు, అటు ఆఫీసు కంప్యూటరూ కనిపించదు.

సాంబా కూడా 2019లో 4.11 వెర్షను నుంచి ఎస్ఎంబీ 1ను మామూలుగా ఒప్పుకోదు. అమరికల ఫైలులో సర్వర్ మిన్ ప్రోటోకాల్ అన్నచోట ఎస్ఎంబీ 1ను సూచించే ఎన్‌టీ1 అని మనం రాస్తేనే ఎక్స్‌పీతో మాట్లాడుతుంది. అది రాశాక కూడా ఎక్స్‌పీ పాస్‌వర్డు సాంబాకు రుచించలేదు. సరైన పాస్‌వర్డునే మళ్లీ మళ్లీ తప్పంది. ఎక్స్‌పీ మామూలుగా పంపేది, పాస్‌వర్డును రుజువు చేసే ఎన్‌టీఎల్ఎం పద్ధతి పాత రూపం, సాంబా కోరేది రెండో రూపం. సాంబాను సడలిస్తే ఒక నిమిషంలో అయిపోయేది, కాని ఎక్స్‌పీలోనే లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, లాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవెల్ దగ్గర ఎన్‌టీఎల్ఎంవీ2 మాత్రమే పంపేలా మార్చాం. వెంటనే ఫోల్డరు తెరుచుకుంది.

ఆ పైన ఎక్స్‌పీ తన ఫోల్డరును షేరు చేయడం పూర్తిగా మానిపించి, కాటా సాఫ్ట్‌వేరు రాసే ఫైళ్లను పది నిమిషాలకొకసారి తానే చిన్న పెట్టెలోకి కాపీ చేసేలా షెడ్యూలు పెట్టాం. ఆఫీసులోని విండోస్ 11 ఆ పెట్టెను పాస్‌వర్డుతో తెరుస్తుంది. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో కనెక్షన్లు చూస్తే డయలెక్ట్ అన్న గడిలో 3.1.1 (ఎస్ఎంబీ మూడో తరం) అని ఉంది, పెట్టె వైపు నుంచి చూస్తే ఎక్స్‌పీ ఎదురుగా ఎన్‌టీ1 అని ఉంది. ఒకే ఫైలు రెండు తరాల పద్ధతుల్లో రావడం చూసి కుర్రవాడు ఫోనులో ఫోటో తీసుకున్నాడు. 1121 రకం ధాన్యం దిగిన రోజుల్లో, రాత్రి పొద్దుపోయేదాకా బండ్లు నిలబడినా, ఈ ఏర్పాటు వల్ల ఒక్క చీటీ కూడా ఆగలేదు.

సీజను తగ్గాక అసలు పనికి దిగాం. కాటా సాఫ్ట్‌వేరు ఎక్స్‌పీని పట్టుకుని ఉందిగాని, బరువు చూపే ఇండికేటరుకు ఎక్స్‌పీతో నిమిత్తం లేదు. అది ఆర్ఎస్-232 అనే పాతకాలపు సీరియల్ తీగ మీద బరువును అక్షరాల వరుసగా పంపుతూనే ఉంటుంది. కొత్త కంప్యూటరుకు యూఎస్‌బీ సీరియల్ కన్వర్టరు తగిలించి, ఇండికేటరు పుస్తకంలో ఉన్న వేగం పెట్టగానే తెర మీద అంకెలు వచ్చాయి. తూనికలు, కొలతల శాఖ వేసిన సీలును ముట్టుకునే అవసరమే రాలేదు. కొత్త సాఫ్ట్‌వేరు కొన్నాక, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, వచ్చిన ప్రతి బండికీ రెండు చీటీలు తీసి, కిలో తేడా లేదని చూసుకున్నాకే పాతదాన్ని ఆపాం. రైతు మన మాట మీద నమ్మకంతో సంతకం పెట్టే కాగితం విషయంలో అంతకు తక్కువ జాగ్రత్త సరిపోదు.

పాత సంవత్సరాల తూకాలన్నీ చదవగలిగే రూపంలోకి మార్చి రెండు చోట్ల దాచాను. ఎక్స్‌పీ నుంచి నెట్‌వర్కు తీగ తీసేసి, ఎవరూ మళ్లీ తగిలించకుండా పోర్టుకు అంటింపు కాగితం వేశాను. చిన్న పెట్టెలో ఎన్‌టీ1 అన్న వరుస తొలగించి సాంబాను దాని మామూలు అమరికకు తెచ్చాను. ఇప్పుడు కాటా గదిలోని కొత్త కంప్యూటరు రోజు ముగిసేసరికి తన ప్రతిని అందులోనే భద్రపరుస్తోంది.