పాత పెంకుటిల్లు: జేసీబీని పిలిచే ముందు

పాత ఇల్లు విప్పి సామాను అమ్ముతారనగానే కలప అడితివాడు వచ్చి, దూలాల వంక ఓ చూపు చూసి, ఇల్లు మొత్తానికీ గుత్త రేటు చెప్పేస్తాడు. ఆ రేటులో ఇటుకకీ పెంకుకీ విలువ ఉండదు. అతను టేకు పట్టుకుపోయాక మిగిలిన మట్టికుప్ప ఎత్తించే ఖర్చు మనదే. కాబట్టి బేరానికి ముందే కలప కొలుచుకోండి. పదడుగుల పొడవు, 6×4 అంగుళాల దూలమైతే 10×6×4ని 144తో భాగించాలి. సుమారు 1.67 ఘనపుటడుగులు.

గోడలో కూరుకున్న కొసల్ని మాత్రం లెక్కలో వేసుకోవద్దు. చెమ్మ తాగేదీ, చెద ఎక్కేదీ అక్కడే. స్క్రూడ్రైవర్‌తో పొడిచి, గట్టి చేవ తగిలేదాకా కోసేయాలి. మేకులన్నీ పీకందే కోతమిల్లుకి పంపొద్దు. లోపల విరిగి ఉండిపోయిన ఒక్క మేకు చాలు, రంపం పళ్లు రాలిపోవడానికి.

అసలు గోడలు కూల్చాల్సిన పనుందా? తూకం గుండు (దారానికి కట్టిన బరువు) వేసి చూడండి. గోడ నిలువుగా ఉండి, కప్పు మాత్రమే పోయిందంటే కప్పు మార్చుకుంటే సరిపోతుంది. మరమ్మతు కూడా సున్నంతోనే చేయాలి. సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు. ఉప్పు పొంగి, పూతతో పాటు ఇటుక ముఖం కూడా పెచ్చులుగా ఊడిపోతుంది.

విప్పక తప్పదనుకుంటే ముందు కరెంటు తీయించి, వానలు లేని రోజుల్లో మొదలుపెట్టండి. పెంకుల్ని కొప్పు (రెండు వాలులు కలిసే పైఅంచు) దగ్గర్నుంచి రెండు వాలుల మీదా సమానంగా దించుకుంటూ రావాలి. ఒకవైపే ఖాళీ చేస్తే బరువు రెండోవైపు పడి వాసాలు ఒరుగుతాయి. దించిన పెంకుల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పేర్చాలి.

గుమ్మాన్ని గోడలోంచి లాగొద్దు. పైనున్న ఇటుకలు తీశాక, రెండు వైపులా గోడ తగ్గించుకుంటూ వస్తే అదే వదులవుతుంది. తీసే ముందే ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా ఓ రీపరు (సన్నటి చెక్కపట్టీ), కింద అడ్డంగా మరొకటి కొట్టండి. లేకపోతే లారీలో మూలలు వంకరపోతాయి, కొత్త గోడలో తలుపు పడదు. ఏ ముక్క ఎక్కడిదో తెలిసేలా వేసే నంబర్లు పెయింటుతో వేయాలి. సుద్ద గుర్తులు ఒక్క జల్లుకే పోతాయి.

ఇటుక దక్కుతుందా లేదా అన్నది దాన్ని పట్టిన అడుసు (ఇటుకల మధ్య అతుకు) చెబుతుంది. గానుగ సున్నంతో కట్టిన గోడలో తాపీ అంచుతో గీకితే సున్నం పొరలా ఊడొస్తుంది. సిమెంటుతో కట్టిందైతే సుత్తి దెబ్బకి అతుకు వదలదు, ఇటుకే పగులుతుంది. ఆ ముక్కలు పునాది కింద నింపడానికో నేల గట్టిపరచడానికో సరే. దక్కిన ఇటుకల్లో కొన్నిటిని ఆరబెట్టి తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. 3 కిలోలది 3.6 దాటితే, అంటే 20 శాతానికి మించి నీళ్లు తాగితే, బయటి గోడకి పనికిరాదు. స్నానాల గదివి, నేలకి దగ్గరగా ఉన్నవి ఉప్పు పట్టి ఉంటాయి, వాటిని విడిగా పెట్టండి. మళ్లీ కట్టేటప్పుడు సిమెంటు, సున్నం, ఇసుక 1:2:9 పాళ్లలో కలిపితే చాలు. ఇటుక కన్నా అడుసు గట్టిదైతే పగులు ఇటుకలోంచే పోతుంది.

మధ్యలో ఎవరో వేయించిన స్లాబు ఉంటే, దాని కాంక్రీటు కూడా వృథా కాదు. మర ఆడించి జల్లించిన కంకరని, నాణ్యత పరీక్షలో నెగ్గితే, ఎం25 గ్రేడు వరకు ఆర్‌సీసీలో (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటులో) ముతక కంకరలో 20 శాతం దాకా కలపడానికి కంకర మీది భారతీయ ప్రమాణం ఐఎస్ 383 (2016) ఒప్పుకుంటుంది. సిమెంటు రేకులుంటే మాత్రం వాటి జోలికి జాగ్రత్తగా వెళ్లండి, వాటిలో ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకి హాని చేసే పీచు) ఉండొచ్చు. పగలగొట్టకుండా, కోయకుండా, తడుపుతూ బోల్టులు విప్పి పూర్తి రేకుగా దించాలి. మళ్లీ వాడొద్దు.

ఇక బంగాళా పెంకులు. చూడ్డానికి అన్నీ ఒకటే, తిప్పి చూస్తే అడుగున ఫ్యాక్టరీ ముద్ర వేరు. ఫ్యాక్టరీని బట్టి గాడి లోతూ, పొడవూ మారతాయి. రెండు రకాలు కలిపి నేస్తే ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చోదు, ఆ సందులోంచే వాన దిగుతుంది. ముద్రల వారీగా వేరుచేసి, ఒక్కో వాలుకి ఒక్కో రకమే వాడాలి. రీపర్ల దూరం పాత ఇంటి కొలత చూసి కొట్టొద్దు. చేతిలో ఉన్న పెంకులు రెండు నేల మీద తగిలించి, పెంకు అడుగునుండే కొక్కెం నుంచి కొక్కేనికి కొలిచి ఆ దూరంలోనే కొట్టండి.